అరువు గార్డులు

రామ్‌గోపాల్ తన డర్ట్ బైక్‌కి మొట్టమొదట కొన్న వస్తువు సైలెన్సర్. బండితో వచ్చినది శుభ్రంగా పనిచేస్తుండగానే దాన్ని ఊడదీయించి, ఎలమంచిలి బజారంతా చెవులు మూసుకునేలా అరిచే ఇంకోదాన్ని పెట్టించాడు. తర్వాత స్టిక్కర్లు. ఆ తర్వాత బంగారు రంగు నట్లు, ఎదుటివాడి కళ్లలో గుచ్చుకునే తెల్ల లైట్లు, హ్యాండిల్ మీద కెమెరా తగిలించుకునే స్టాండు. మట్టిలోనూ రాళ్లలోనూ తిరగడానికి తయారైన ఆ బండికి, పడితే దాన్ని గానీ దాని మీద కూర్చున్నవాణ్ణి గానీ కాపాడే వస్తువు మాత్రం ఒక్కటీ కొనలేదు.

ఆ బండి మీదే అతను అనకాపల్లికి పెళ్లిచూపులకు వచ్చాడు. తల్లీ తండ్రీ వెనకాల కారులో వచ్చారు. సందు మొదట్లో బండి అరుపు వినపడగానే బెల్లం దిమ్మలు దించుతున్న కూలీలు పని ఆపి చూశారు. అది చూసి రామ్‌గోపాల్ ఇంకోసారి యాక్సిలరేటర్ తిప్పాడు. మేడ మీద కిటికీలోంచి చూస్తున్న కన్యకకి ఆ రెండో తిప్పుడుతోనే సగం మనసు విరిగిపోయింది.

కన్యక తండ్రి సూర్యనారాయణది బెల్లం వ్యాపారం. ఆమె ఫిజియోథెరపీ చదివి, స్టేషన్ రోడ్డులోని ఒక ఎముకల ఆసుపత్రిలో పనిచేస్తోంది. విరిగి అతుక్కున్న ఎముకల పక్కన బిగుసుకుపోయిన కీళ్లను మళ్లీ వంచడం ఆమె పని. ఆమె చేతుల్లోకి వచ్చే మోకాళ్లూ మణికట్లూ చాలావరకు బైకులవాళ్లవే. రోడ్డు మీద తమంత మొనగాడు లేడని చెప్పుకున్నవాళ్లే ఆమె బల్ల మీద పడుకుని అమ్మా అని ఏడుస్తారు. అందుకని బండి గొప్పలు చెప్పే మగవాళ్లంటే ఆమెకి గౌరవం అంటూ ఏమీ మిగల్లేదు.

పెద్దవాళ్లు ఇద్దరినీ మేడ మీద గదిలో మాట్లాడుకోమన్నారు. మాట్లాడింది రామ్‌గోపాలే. తాను బైకు వీడియోలు పెట్టే ఛానెల్ గురించి చెప్పాడు, సైలెన్సర్ గురించి చెప్పాడు, ఎంతమంది చూస్తున్నారో చెప్పాడు. ఆమె ఏం చదివిందో, ఏం చేస్తుందో అడగలేదు. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు కన్యక ఒక్క మాట అడిగింది.

"చేతులకీ మోకాళ్లకీ ఏటి పెట్టుకుంటారండి?"

రామ్‌గోపాల్ నవ్వాడు. "హ్యాండ్ గార్డులు తగిలిత్తే పాలవాడి బండిలా ఉంటాదండి. అవన్నీ పడేవాళ్లకి. నేను పడను."

అప్పుడు కన్యక మోకాలి చిప్ప సంగతి చెప్పింది. రాయి మీద పడితే అది ఎలా ముక్కలవుతుందో, ఆ ముక్కల్ని తీగతో ఎలా కుడతారో, కట్టు విప్పాక కాలు వంచబోతే ఎంత పొడుగు మనిషి అయినా ఎలా కేకలు పెడతాడో నిదానంగా, ఏమీ దాచకుండా చెప్పింది. అతనికి మంచి చేద్దామని చెప్పలేదు. కొంచెం కసితోనే చెప్పింది. రామ్‌గోపాల్ మొహం పాలిపోయింది. చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు.

వాళ్లు వెళ్లాక కన్యక తనకి ఇష్టం లేదని చెప్పేసింది. సూర్యనారాయణ ఒప్పుకోలేదు. ఎలమంచిలిలో అబ్బాయి తండ్రి కనకరాజుగారి ధాన్యం వ్యాపారం అంటే అందరికీ తెలిసినదే, కుర్రాడికి తాగుడు లేదు, చీట్లాట లేదు అన్నాడు. మగపిల్లాడికి ఒక బండి పిచ్చి ఉంటే అదో తప్పా అని తల్లి శ్యామలాదేవి అడిగింది. కన్యక వాళ్లతో గంటసేపు వాదించి విసిగిపోయింది. చివరికి ఇంకొక్కసారి చూసి చెబుతానంది. ఆదివారం నాతవరం దగ్గర తన రైడింగ్ చూడ్డానికి రమ్మని రామ్‌గోపాల్ అప్పటికే పిలిచి ఉన్నాడు. తోడుగా పిన్ని కూతురు సుచిత్రని తీసుకుని వెళ్లింది.

అతను పంపిన కారు వాళ్లను నాతవరం దాటాక కొండ కింద ఒక బీడులో దింపింది. భోజనాలు తేవడానికి డ్రైవరు నర్సీపట్నం వెళ్లిపోయాడు. ఒక పక్క పూడిపోయిన పాత కాలువ గట్టు, ఇంకో పక్క ఎత్తుగా ఎదిగిన చెరుకుతోట. ఫోనుకి సిగ్నల్ లేదు. నీడ కూడా లేదు.

అక్కడ రామ్‌గోపాల్‌తో పాటు ఇంకొకాయన ఉన్నాడు. పేరు దేవీప్రసాద్. నలభైకి దగ్గరపడిన మనిషి, పెళ్లయినవాడు. ఎలమంచిలిలో రామ్‌గోపాల్ తండ్రి కట్టించిన కాంప్లెక్సులో మందుల షాపు అద్దెకి నడుపుతున్నాడు. చుట్టరికం లేకపోయినా రామ్‌గోపాల్ అతన్ని బావా అంటాడు. అతని బండీ అదే రకం, కాకపోతే సెకండ్ హ్యాండ్. దానికి మెరిసే వస్తువు ఒక్కటీ లేదు. హ్యాండిల్ రెండు కొసల్లో వేళ్లకు అడ్డంగా గార్డులున్నాయి. ఇంజిన్ అడుగున రాళ్లు తగలకుండా అల్యూమినియం ప్లేటు ఉంది. వెనక టైరు అరిగిపోయాక దాని బదులు బురదలో పట్టు ఉండే టైరు వేయించాడు. చేతులకు గ్లవ్స్, మోకాళ్లకు ఎవరో వాడి అమ్మేసిన గార్డులు. ఒకటి కొన్నాక కొన్నాళ్లు ఆగి ఇంకోటి కొన్నాడట. అన్నీ కలిపినా రామ్‌గోపాల్ సైలెన్సర్‌కి అయినంత అవలేదు.

రామ్‌గోపాల్ అతన్ని కన్యకకి పరిచయం చేసిన పద్ధతి ఇది: "మా బావ బండికి ఇంజిన్ కన్నా రేకులెక్కువండి. స్కూటీ కొనుక్కో బావా అంటే వినడు."

దేవీప్రసాద్ నవ్వాడు. ఆ నవ్వు కూడా కన్యకకి నచ్చలేదు. ఎగతాళి చేసేవాణ్ణి ఎంత అసహ్యించుకుందో, దానికి పళ్లికిలించేవాణ్ణి చూసి అంతే చిరాకుపడింది.

ముందు రామ్‌గోపాల్‌కి ఒక ఆలోచన వచ్చింది. కన్యక తన వెనకాల కూర్చుంటే వీడియో బాగుంటుందన్నాడు. అతని నెత్తిన విదేశం నుంచి తెప్పించుకున్న హెల్మెట్ ఉంది, గడ్డం దాకా కప్పేది. ఆమెకోసం సంచీలోంచి తీసినది పోలీసులు ఆపితే చూపించడానికి జనం పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ. కన్యక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. గట్టు మీద పెట్టి, తాను చూడ్డానికే వచ్చానంది.

అయితే ఒంటరిగానే గట్టు మీంచి దూకుతానని రామ్‌గోపాల్ బండి ఎక్కాడు. ఎక్కి, ఒక నిమిషం గట్టుకేసి చూశాడు. దిగి, దేవీప్రసాద్ దగ్గరకు వెళ్లాడు.

"బావా, ఆ మోకాలివి ఓసారి ఇయ్యి. కెమెరాలో బాగుంటాయి."

దేవీప్రసాద్ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. వంగి, పట్టీలు విప్పి ఇచ్చేశాడు. కెమెరా సంగతి అబద్ధమని కన్యకకి తెలుసు. మేడ మీద గదిలో తాను చెప్పిన మోకాలి చిప్ప ఇతన్ని ఇన్నాళ్లూ నిద్రపోనిచ్చి ఉండదు. భయపడడం తప్పు కాదు, తనకి కావలసినవి కొనుక్కుంటే ఆమె మెచ్చుకునేది కూడా. నలుగురిలో వెక్కిరించిన వస్తువునే అడిగి తొడుక్కుంటున్న మనిషిని చూసి లోపల్లోపల నవ్వుకుంది. ఆ నవ్వులో పడి, ఇచ్చినవాడి మోకాళ్లు ఉత్తవిగా మిగిలాయన్న మాట పైకి అనలేదు.

"వెనకాలే రా బావా, ఫ్రేములో ఉండాలి" అని, గట్టు మీద స్టాండుకి ఫోను పెట్టి రామ్‌గోపాల్ బయల్దేరాడు.

బండి అరుచుకుంటూ గట్టు ఎక్కింది, గాల్లోకి లేచింది, అవతల దిగింది. దిగినచోట మట్టిలో సగం కూరుకుపోయిన బండరాయి ఉంది. ఇంజిన్ అడుగు సరిగ్గా దానికి కొట్టుకుంది. ప్లేటు లేని ఇంజిన్ పగిలి నల్లగా ఆయిల్ కారడం మొదలైంది. రామ్‌గోపాల్ ఆపాడు. పక్కకు తీయాలన్న ఆలోచన రాలేదు. వెనకాల వచ్చేవాడి దారికి అడ్డంగా బండి నిలబెట్టి, దిగి, వంగి దాని అడుగు చూస్తున్నాడు.

గట్టు మీదకు వచ్చిన దేవీప్రసాద్‌కి ఎదురుగా కనిపించింది అదే. మనిషిని గుద్దకుండా హ్యాండిల్ పక్కకు తిప్పేశాడు. ఆయిల్ మీద వెనక చక్రం జారింది. బండి ఒక పక్కకు ఒరిగింది. హ్యాండ్ గార్డు నేలను గీసుకుంటూ పోయి ఆగింది, వేళ్లకు ఏమీ కాలేదు. కుడి మోకాలు మాత్రం నేరుగా రాయి మీద పడింది.

కన్యక పరిగెత్తింది. రామ్‌గోపాల్ కూడా పరిగెత్తాడు, గట్టు మీద స్టాండుకి పెట్టిన ఫోను దగ్గరకి. అది తీసి చూసుకుని, "మొత్తం పడింది" అన్నాడు. పడినవాడి గురించి అంటున్నాడని ఆమె అనుకుంది. వీడియోలో పడిందని అతని ఉద్దేశం.

చిప్ప విరిగిందని చెయ్యి వేయగానే ఆమెకి తెలిసిపోయింది. సుచిత్ర చేత రెండు చెరుకుగడలు విరిపించి, ఆకులు దూసేసి, కాలికి రెండు పక్కలా పెట్టింది. తన చున్నీ, సుచిత్ర చున్నీ చింపి, కాలు కదలకుండా కట్టింది. పట్టు ఉన్న టైరు, అడుగున ప్లేటు ఉన్న దేవీప్రసాద్ బండి లేపి నిలబెడితే స్టార్టయింది. దాని మీద ఊళ్లోకి వెళ్లి ఏదైనా ఆటో తీసుకురమ్మని రామ్‌గోపాల్‌ని పంపింది. వెళ్లాడు.

ఎండలో ముగ్గురూ కూర్చున్నారు. దేవీప్రసాద్ నొప్పికి పెదవులు కొరుక్కుంటున్నాడు. ఆయన కాస్త తేరుకున్నాక, రామ్‌గోపాల్ బాబుని ఏమీ అనవద్దని ఆమెనే బతిమాలడం మొదలుపెట్టాడు. కన్యకకి ఒళ్లు మండింది.

"మోకాలివి ఎందుకిచ్చేరండి?"

"అడిగేరు కదమ్మా. షాపు వాళ్లదే."

"షాపు వాళ్లదైతే కాళ్లు కూడా వాళ్లవేనా? ఇంటి దగ్గర మీ ఆవిడకి ఏటి చెప్తారు?"

అంత నొప్పిలో ఉన్నవాణ్ణి అలా అన్నందుకు ఆమె బాధపడలేదు. ఎవరో ఒకరు అనవలసిన మాటే అనుకుంది.

రామ్‌గోపాల్ తిరిగొచ్చేసరికి చాలా సేపు పట్టింది. వెనకాల ట్రాలీ ఆటో వచ్చింది, దాంట్లో ఇద్దరు మనుషులు, తాళ్లు, ఒక చెక్క. ఆటో పడి ఉన్న మనిషి దగ్గరకు రాలేదు. తిన్నగా ఆయిల్ కారుతున్న బండి దగ్గరకు వెళ్లి ఆగింది. ఆ ఇద్దరూ చెక్క వాల్చి బండిని పైకి నెట్టారు. రామ్‌గోపాల్ స్టిక్కర్లు గీసుకుపోకుండా చూడమని పక్కనుంచి చెబుతున్నాడు. బండి ట్రాలీ నిండా సరిపోయింది. తాళ్లు బిగించాక అతను కన్యక వైపు తిరిగి, మా బావని ముందర డ్రైవరు పక్కన సర్దేద్దామన్నాడు.

డ్రైవరు పక్కన జానెడు చోటుంది. వంచకూడని కాలు అందులో ఎలా పడుతుందో అతను ఆలోచించలేదు.

కన్యక లేచి వెళ్లింది. ఇంతవరకూ అతన్ని మీరు అనే పిలిచింది.

"బండి దించు."

ఇక్కడ వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని, కొత్త బండి అని, కారు ఎలాగూ వస్తుందని రామ్‌గోపాల్ ఏదేదో చెప్పాడు. ఆమె విననట్టే నిలబడింది. తర్వాత ఆటో తెచ్చిన ఇద్దరితో, మనిషిని పడుకోబెట్టాలి, చోటు కావాలి అంది. వాళ్లు గట్టు పక్కకు చూసి, చెరుకుగడలు కట్టిన కాలు చూసి, రామ్‌గోపాల్‌ని అడక్కుండానే తాళ్లు విప్పడం మొదలుపెట్టారు. కాలు విరిగిన మనిషి ఉన్నాడని ఈ బాబు చెప్పలేదని వాళ్లలో ఒకడు గొణిగాడు.

"ఆ మోకాలివి కూడా ఇప్పి ఇయ్యి" అంది కన్యక.

రామ్‌గోపాల్ అందరి ముందూ వంగి, పట్టీలు విప్పాడు. ఆమె వాటిని దేవీప్రసాద్ తల పక్కన పెట్టి, తాను ట్రాలీలో ఆయన కాలు పట్టుకుని కూర్చుంది. సుచిత్ర ముందు కూర్చుంది. ఆటో నర్సీపట్నం వైపు కదిలింది. రామ్‌గోపాల్ తన బండికి కాపలాగా బీడులో ఉండిపోయాడు.

దేవీప్రసాద్ మోకాలికి ఆపరేషన్ అయింది, తీగ వేశారు. తర్వాత కొన్నాళ్లకి ఒక సాయంత్రం సూర్యనారాయణ ఫోను పట్టుకుని కూతురి గదిలోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. కుర్రాడు ఎంత బుద్ధిగా మారిపోయాడో చూడమన్నాడు. రామ్‌గోపాల్ కొత్త వీడియో పెట్టాడు. కొత్తగా డర్ట్ బైక్ కొన్నవాళ్లు తక్కువ ఖర్చులో ముందుగా ఏం కొనాలి అన్నది విషయం. హ్యాండ్ గార్డులు, ఇంజిన్ ప్లేటు, మోకాలి గార్డులు, గ్లవ్స్, మంచి టైరు. దేవీప్రసాద్ బండికి ఉన్నవన్నీ, ఇంకాస్త ఖరీదైన రంగుల్లో, తన బండికి తగిలించుకుని ఒక్కొక్కటే చూపించాడు. సైలెన్సర్ మీద డబ్బు తగలెయ్యకండి ఫ్రెండ్స్ అన్నాడు. మధ్యలో తాను గట్టు మీంచి దూకడం చూపించాడు, మోకాళ్లకు గార్డులున్నాయి. వెంటనే దేవీప్రసాద్ పడడం చూపించాడు, వెనకాల డప్పుల మోతతో. "గార్డులు లేకపోతే ఇదిగో, ఇలా ఉంటాది" అన్నాడు. ఆ గార్డులు ఎవరివో చెప్పలేదు. కింద మెచ్చుకోళ్లే మెచ్చుకోళ్లు. పడినవాణ్ణి చూసి నవ్వినవాళ్లు ఇంకా ఎక్కువ.

కన్యక ఫోను తిరిగి ఇచ్చేసి, ఆ రోజు జరిగిందంతా తండ్రికి మొదటినుంచీ చెప్పింది. అంతకుముందు సంబంధం వద్దనీ, ఒకాయన కాలు విరిగిందనీ మాత్రమే చెప్పింది గానీ ట్రాలీ సంగతి చెప్పలేదు. చెబితే సంబంధం తప్పించుకోవడానికి కల్పించిందంటారని అనుకుంది. ఇప్పుడు కూడా సూర్యనారాయణ మొదట నమ్మలేదు. మనిషి పడి ఉండగా బండి ఎక్కించడం ఎక్కడైనా ఉంటుందా అన్నాడు. సుచిత్రని పిలిచి అడిగాడు. అయినా తృప్తి కలగక, మర్నాడు తానే ఎలమంచిలి వెళ్లి దేవీప్రసాద్ ఇంటి తలుపు కొట్టాడు.

దేవీప్రసాద్ ఎంతసేపటికీ నా పొరపాటేనండి అన్నాడు తప్ప ఇంకో మాట అనలేదు. చెప్పినది అతని భార్య ధనశ్రీ. ఆపరేషన్ తర్వాత రామ్‌గోపాల్ ఒకే ఒక్కసారి పరామర్శకి వచ్చాడని, ఆ వచ్చినప్పుడు కూడా కట్టు ఉన్న కాలిని వీడియో తీసుకోవచ్చా అని అడిగాడని చెప్పింది. తాను గుమ్మంలోంచే పంపించేసిందట.

సూర్యనారాయణ ఇంటికి వచ్చి కనకరాజుకి ఫోను చేశాడు. ఈ సంబంధం మాకు కుదరదన్నాడు. కారణం చెప్పమని అవతలివాడు పట్టుబట్టాడు. మీ అబ్బాయి కాలు విరిగి పడినవాణ్ణి వదిలేసి ఆటోలో ముందు బండి ఎక్కించాడటండి అని సూర్యనారాయణ చెప్పాడు. కనకరాజు గొంతు నిజంగానే ఆశ్చర్యపోతూ వచ్చింది.

"బండి కొత్తది కదండీ."

సూర్యనారాయణ ఫోను పెట్టేశాడు. ఆ ఇంటి సంగతి మళ్లీ ఎత్తలేదు. శ్యామలాదేవి ఎత్తబోతే, నోరు మూసుకోమన్నంత పని చేశాడు.

కట్టు విప్పాక దేవీప్రసాద్ అనకాపల్లిలో కన్యక దగ్గరకే రావడం మొదలుపెట్టాడు. ధనశ్రీ వెంట వచ్చేది. కాలు కర్రలా బిగిసిపోయి ఉంది. కన్యక జాలి చూపించలేదు. నొప్పి అన్నప్పుడల్లా ఇంకాస్త వంచింది. షాపు ఖాళీ చేసి వేరే వీధిలో తీసుకుంటున్నామని ధనశ్రీ ఒకరోజు చెప్పింది. ఆ మాట ఆవిడే చెప్పింది, ఆయన గోడకేసి చూస్తున్నాడు.

ఒక ఉదయం పక్క బల్ల మీదకు భుజం పట్టేసిన కుర్రాడొకడు వచ్చాడు. పేరు సురేష్‌బాబు, ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. కొత్తగా డర్ట్ బైక్ కొన్నాడు, వారం తిరక్కుండానే పడ్డాడు. భుజం నొప్పి తెలియకుండా ఉండాలని వాగుతూనే ఉన్నాడు.

"మోకాళ్లు మాత్రం బతికిపోయేయి మేడం. ఎలమంచిలి రామ్‌గోపాల్ అన్న వీడియో చూసి గార్డులు కొన్నేను. అందులో ఒకాయన పడతాడు చూడండి, గార్డులు లేకుండా దూకేసి. అలాంటి బుర్ర లేనోళ్లుంటారు."

కన్యక చెయ్యి అతని భుజం మీద ఆగిపోయింది. ఆ వీడియోలో చెప్పినవి ఒక్కటీ తప్పు కాదు. వాటివల్లే ఈ కుర్రాడి మోకాళ్లు దక్కాయి. అది ఒప్పుకోవలసి రావడం ఆమెకి చేదుగా ఉంది. ఏదో అనబోయింది.

"ఆ బుర్ర లేనోణ్ణి నేనే బాబూ" అన్నాడు పక్క బల్ల మీంచి దేవీప్రసాద్.

సురేష్‌బాబు తల తిప్పి చూశాడు. మోకాలి మీద నిలువుగా ఉన్న కుట్టు మచ్చ చూశాడు. మొహం గుర్తుపట్టాడు.

"అందులో మీ అన్న కాళ్లకున్న గార్డులు నావి" అని మొదలుపెట్టాడు దేవీప్రసాద్. అడగగానే విప్పి ఇచ్చానని, అది తన తెలివితక్కువతనమేనని చెప్పాడు. దారికి అడ్డంగా బండి ఆపిన సంగతి చెప్పాడు. ట్రాలీ ఆటో సంగతి చెప్పాడు, కట్టిన తాళ్లు ఎవరు విప్పించారో చెప్పాడు. గదిలో మిగతా రోగులు కూడా వింటున్నారు. ఆయన గొంతు తగ్గించలేదు. సురేష్‌బాబు ఏం చెయ్యాలో తెలియక సారీ అన్నాడు. నువ్వెందుకు సారీ, నువ్వు గార్డులు కొనుక్కున్నావు కదా, మంచి పని చేశావన్నాడు దేవీప్రసాద్.

ధనశ్రీ భర్తకేసి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "ఇన్నాళ్లకి నోరిప్పేరు" అంది.

కన్యక ఆయన బల్ల దగ్గరకు వచ్చి, చీలమండ పట్టుకుని, ఇవాళ ఇంకొంచెం దాకా వంచాలని చెప్పింది. దేవీప్రసాద్ రెండు చేతులతో బల్ల అంచులు గట్టిగా పట్టుకుని, కానివ్వండి అన్నాడు.